కొమ్ముచెంబుకు పెట్టిన చిల్లు

శ్రీనగర్‌లో జైనా కదల్ వంతెన దాటగానే ఉండే రాగిపనివాళ్ల వీధిలో, అహద్ కాకా అరవలేదంటే ఆయన ఒంట్లో బాగాలేదని ఇరుగుపొరుగు కషాయం పట్టుకొచ్చేవారు. ఊహ తెలిసినప్పటి నుంచీ సుత్తి చప్పుళ్లలో పెరిగినవాడు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. మెల్లగా చెప్పాల్సిన మాట కూడా వంతెన అవతలికి వినిపించేలా చెబుతాడు. "మా ఇంట్లో దాచుకునేదేం లేదమ్మా, అంతా ఈయన దండోరా వేసేశాడు" అనేది ఆయన భార్య రాహతీ.

పని దగ్గర మాత్రం ఆయన చెయ్యి నెమ్మది. రాగిరేకును కొలిమిలో కాల్చి, సుత్తితో సాగదీసి, మళ్లీ కాల్చి, చెంబు కడుపు ఉబ్బెత్తుగా తేల్చేవాడు. చినారు ఆకులు, బాదం పువ్వులు చెక్కేవాళ్లు వేరే. "వాళ్లు బట్టలు తొడుగుతారు, కనేది మేము" అనేవాడు. మిషను మీద అచ్చుగుద్దిన గిన్నెలు బజారుకొచ్చాక బేరాలు తగ్గాయి గానీ ఆయన నోరు తగ్గలేదు.

ఆ వీధికి ఒక కొమ్ముచెంబు ఉండేది. అహద్ తండ్రి చేసింది. ప్రతి ఇంటివాళ్లూ తమ విరిగిన గిన్నో, సొట్టపడ్డ మూతో తెచ్చి పోస్తే, వాటిని కరిగించి, కూలి తీసుకోకుండా చేశాడాయన. చెంబుతో పాటు, చేతులు కడిగిన నీళ్లు పడేందుకు కింద పట్టే చిల్లుల మూత పళ్లెం కూడా. ఎవరింట పెళ్లయినా, చావయినా మసీదు కొట్లోంచి ఆ రెండూ వచ్చేవి. బంతిలో నలుగురేసి ఒక తరామీ చుట్టూ కూర్చుంటారు కదా, ఆ పెద్ద పళ్లెం మూత తీసేముందు చెంబు అందరి దగ్గరికీ తిరగాలి. నలుగురిలో ఒక్కరి చెయ్యి తడవకపోయినా మిగతా ముగ్గురూ ముద్ద ముట్టరు. లేనివాళ్ల పెళ్లిలో కూడా ఆ చెంబు తిరిగితే పెళ్లికి నిండుదనం.

పష్మీనా నూలు వడికే ఫాజీ తన కూతురి పెళ్లికి దాన్ని అడగబోయి, ముఖం వేలాడేసుకుని అహద్ దగ్గరికొచ్చింది.

"కాకా, చెంబు లేదట. గఫార్ సాహెబ్ సరస్సు ఒడ్డు హోటలుకిచ్చాడట. మగ్గుతో కడిగించుకోమన్నాడు."

"దేంతో?"

"మగ్గుతో కాకా, ప్లాస్టిక్ మగ్గుతో!"

"మగపెళ్లివారి చేతుల మీద ప్లాస్టిక్ మగ్గా! అంతకంటే వాళ్లని నల్లా కింద నిలబెట్టు!"

ఫాజీ ఏడ్చింది. అత్తింట పిల్లని జీవితాంతం ఎత్తిపొడుస్తారని ఆమె భయం. ఆ భయం ఉత్తిది కాదు.

గఫార్ మసీదు కమిటీ పెద్ద. బాదం, అక్రోటు వ్యాపారం. అహద్ వెళ్లేసరికి త్రాసు ముందు కూర్చుని ఉన్నాడు.

"అరుస్తావెందుకు అహద్ భాయ్? అక్కడ అద్దాల మధ్య పెట్టారు. దేశదేశాల వాళ్లు చూస్తారు. మన వీధికే కదా పేరు?"

"నీ బాదం సంచులు ఆ హోటలు కొట్లో ఎప్పట్నుంచి అమ్ముతున్నారు?"

గఫార్ త్రాసు సర్దుకున్నాడు. "అది వేరే సంగతి."

"వేరేనట! మా నాయన చెంబు మోసుకెళ్లి నీ అక్రోట్లకు దారి వేసుకున్నావు. అది నీ పెళ్లాం నగ అనుకున్నావట్రా గఫారూ?"

వీధంతా తలుపుల్లోకొచ్చింది. అహద్ ఆగలేదు, నేరుగా హోటలుకే పోయాడు.

అద్దాలూ లేవు, ఏమీ లేవు. కొమ్ముచెంబు ఒక బల్ల మీద నిలబడి ఉంది. దాని మూతి మీద పట్టుగుడ్డ గొడుగు, గొడుగు కింద బల్బు. చెంబు అడుగున చిల్లు పొడిచి కరెంటు తీగ దూర్చారు. పళ్లెంలో ప్లాస్టిక్ పూలు. అహద్ చెంబును వంచి చూశాడు. రాగికి నొప్పి ఉండదని ఆయనకూ తెలుసు. అయినా ఆ చిల్లు అంచును పుండును తడిమినట్టు వేలితో తడిమాడు.

"పాత వస్తువు కాకా, ముట్టుకోకండి" అన్నాడు మేనేజరు.

"ముట్టుకోకూడదా? చిల్లు పెట్టొచ్చుగానీ ముట్టుకోకూడదా!" తీగ పీకాడు. బల్బు పగిలింది. చెంబు తన వదులు అంగీ, ఫిరన్ లోపల దూర్చుకుని, అడ్డొచ్చిన కాపలావాడితో, "నీ పెళ్లిలో నీ చేతులు దేంతో కడిగారు? లాంపుతోనా?" అన్నాడు. కాపలావాడూ ఆ ఊరివాడే. నవ్వాపుకుంటూ పక్కకు జరిగాడు. పళ్లెం మాత్రం అక్కడే ఉండిపోయింది.

చిల్లుకు రాగి ముక్క అతికాడు. లోపల నవాసారం చల్లి, తగరం కరిగించి దూదితో కళాయి పూశాడు. పూస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. "కాస్త మెల్లగా తిట్టు, తగరం ఉలిక్కిపడుతుంది" అంది రాహతీ.

పెళ్లినాడు పందిట్లో నీళ్లు పోయాల్సింది పెళ్లికూతురి తమ్ముళ్లు. అహద్ వాళ్లని పక్కకు నెట్టి చెంబు తానే పట్టుకున్నాడు. కింద పళ్లెం బదులు ఫాజీ ఇంటి తొట్టి. మగపెళ్లివారు చెంబు కేసి చూసి తలలాడించారు. వరస గఫార్ దగ్గరికొచ్చింది. అతను చేతులు చాపాడు. అహద్ దాటిపోయాడు.

"భాయ్, నా చేతులు!"

"నీకు లాంపు వెలిగిస్తారు, హోటలుకు పో."

గఫార్‌తో కూర్చున్న ముగ్గురూ మూత వేసిన తరామీ వైపు చూశారు. లోపల కబాబులు చల్లారుతున్నాయి. "ఏం పాపం చేశామయ్యా మేము?" అన్నాడు కసాయి సుల్తాన్. "గఫార్ సాహెబ్, చేసిందేదో ఒప్పేసుకో. నా మాంసం నేనే తినలేకపోతున్నాను!"

గఫార్ ముఖం ఎర్రబడింది. లేచిపోతే పెళ్లివారిని అవమానించినట్టు. కూర్చుంటే ఆకలి. పక్క బంతుల వాళ్లు మెడలు సాచారు. అప్పుడు ఆడవాళ్ల పరదా వెనక నుంచి ఫాజీ గొంతు వచ్చింది.

"కాకా, నీ కోపం సరైనదే. కానీ ఆయన నా గడప తొక్కిన అతిథి. నా బిడ్డ పెళ్లిలో ఒక్కరూ పస్తుతో లేవకూడదు. నీళ్లు పొయ్యి."

అహద్ రెండడుగులు వెనక్కి వచ్చాడు. తర్వాత చెంబు వంచాడు. నీళ్లు గఫార్ వేళ్ల మీద సన్నగా, పద్ధతిగా పడ్డాయి.

"ఇది ఫాజీ నీళ్లు, నావి కావు" అన్నాడు. "పళ్లెం ఇంకా అక్కడే ఉంది. రేపు నువ్వే వెళ్లి అడిగి తెస్తావు, నీ నోటితో."

"తెస్తాలే."

"లే ఏమిటి, లే?"

"తెస్తాను!"

సుల్తాన్ అప్పటికే మూత తీసేశాడు.

మర్నాడు గఫార్ ఇంట్లో ఉప్పు చాయ్ ఇంకా కాగనే లేదు, వాళ్ల తలుపు దబదబ మోగింది. వెంటనే వంతెన అవతలికి వినిపించేలా, "గఫారూ, పళ్లెం!"