మా తెలుగు మేష్టారి రెండు బుట్టలు

మంగళవారం పొద్దున స్కూలు అటెండరు నా కొట్టు ముందు సైకిలు దిగాడు. స్టాండు వెయ్యలేదు. హ్యాండిలు పట్టుకునే నిలబడి, "మన తెలుగు మేష్టారు పోయారండీ. నిద్రలోనే" అన్నాడు. తక్కెట్లో ఉన్న పాత పేపర్ల కట్ట అలాగే ఉండిపోయింది. ఆ కట్ట తెచ్చినావిడ కాసేపు నిలబడి, నా మొహం చూసి, "రేపొస్తాలెండి" అని వెళ్ళిపోయింది.

బందరులో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. మునిసిపల్ హైస్కూల్లో ఇరవై ఏళ్ళ పైచిలుకు తెలుగు చెప్పారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. ఆ మాటకొస్తే ఎవరి దగ్గరా పెద్దగా చదువుకోలేదు. నాది పాత కాగితాల కొట్టు. తూకానికి వచ్చిన పుస్తకాలే నా బడి. వాటికి మొదటి పేజీలూ చివరి పేజీలూ ఉండవు కాబట్టి నాకు తెలిసిన కథలన్నీ మధ్యలో మొదలై మధ్యలో ఆగుతాయి.

మా పరిచయం ఒక తగాదాతో మొదలైంది. కొట్టు పెట్టిన కొత్తలో బోర్డు రాయించాను: "పాత పేపర్లు, అట్టలు కొనబడును" అని. దారినపోతున్న మేష్టారు సైకిలాపి, బోర్డుకేసి చూసి లోపలికొచ్చారు.

"కొనబడును అంటే ఎవరోయ్ కొనేది?"

"నేనేనండీ."

"మరి కొంటాను అని రాయి. నువ్వు ఇక్కడ ఇంత మనిషివి కూర్చునుంటే, ఆ పని దానంతటదే జరిగిపోతున్నట్టు ఆ బడుడు ఎందుకు?"

పెయింటరు ఇంకో బోర్డు రాయడానికి మొహం చిట్లించాడు. మేష్టారు వదల్లేదు. బందరు మొత్తం మీద "కొంటాను" అని రాసున్న బోర్డు అప్పట్లో నాదొక్కటే. చాలామంది నేను బొత్తిగా చదువురానివాణ్ణి, తప్పు రాయించానని నవ్వుకునేవాళ్ళు.

ఆయనకి కాగితమంటే ప్రాణం. పెళ్ళి శుభలేఖల వెనకవైపు ఉత్తరాలు రాసేవారు. "రెండోవైపు ఖాళీగా ఉందంటే ఆ కాగితం ఇంకా డ్యూటీలో ఉన్నట్టేనోయ్" అనేవారు. అలాంటి మనిషి స్కూలు వెనక శనివారం శనివారం కాగితాలన్నీ పోగేసి తగలబెడుతుంటే ఎలా ఊరుకుంటారు? ఒకరోజు దగ్గుకుంటూ వచ్చారు. "నేను దిద్దిన వ్యాసాలు పొగై మళ్ళీ నా క్లాసులోకే వస్తున్నాయి. ఆ తప్పులు ఒకసారి చదివాను, చాలు. మళ్ళీ పీల్చడం నావల్ల కాదు" అన్నారు.

తొంభైల మధ్యలో సంగతి ఇది. రీసైక్లింగ్ అనే మాట మా ఊళ్ళో అప్పటికి ఎవరి నోటా పలకలేదు. ఆయన అనుకున్నది ఒకటే. పిల్లలు కాగితాలు విడిగా వెయ్యాలి, నేను తీసుకెళ్ళి మిల్లుకి పంపాలి, అవి మళ్ళీ కాగితాలై రావాలి. స్టాఫ్ రూములో ఒకాయన, "పాఠం చెప్పమంటే పాతసామాను వ్యాపారం పెట్టావేంటయ్యా" అన్నాడట. "పోతనగా పుట్టలేదు కదండీ, పాతసామానైనా చెయ్యనివ్వండి" అని ఈయన జవాబు.

మొదటి ఏడాది ఆ పథకం చతికిలబడింది. తడి, పొడి అని రెండు బుట్టలు పెట్టారు. పిల్లలకి ఏది దగ్గరుంటే అదే బుట్ట. ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. అన్నం మెతుకులంటిన కాగితం ఒక్కటి కట్టలో పడితే కట్టంతా బూజు పడుతుంది. మిల్లువాడు లోడు లోడే తిప్పి పంపాడు. నేను వెళ్ళి, "మేష్టారూ, మీ పిల్లలు నాకు కాగితాలు పంపట్లేదండీ, కేరేజీలు పంపుతున్నారు" అన్నాను.

ఆయన రెండు రోజులు ఆలోచించారు. మూడోరోజు నవ్వుకుంటూ వచ్చారు. "తడి, పొడి అంటే మన పిల్లలకి ఎక్కదోయ్. ఎంగిలి అంటే ఎవడికి విడమరిచి చెప్పాలి?" అన్నారు. ఒక బుట్ట మీద ఎంగిలి బుట్ట అనీ, రెండోదాని మీద మడి బుట్ట అనీ స్వయంగా రాశారు.

నా నోరు ఊరుకోదు కదా. "మడి అంటే తడిబట్ట కదండీ, పొడి కాగితాలకి పెట్టారేంటి?" అన్నాను.

"మా అమ్మ ఉండుంటే నిన్నూ నన్నూ కూడా వంటింటి గడప ఇవతలే నిలబెట్టేది, ఊరుకో" అని నవ్వారు. నేనూ నవ్వాను.

మంత్రం వేసినట్టు పనిచేసింది. చెయ్యి కడుక్కోకుండా మడి బుట్ట దగ్గరికి వెళ్తే పిల్లలే కసురుకునేవాళ్ళు. మేష్టారు అక్కడ నిలబడక్కర్లేదు, చూడక్కర్లేదు. కట్టలు మల్లెపూలలా వచ్చేవి. మూడు నెలల్లో ఊళ్ళో ఇంకో రెండు స్కూళ్ళు అడిగాయి. గుడివాడ నుంచి ఒక హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, బుట్టల కొలతలు కూడా రాసుకుని వెళ్ళారు.

ఒక మధ్యాహ్నం మేష్టారు ఎంగిలి బుట్టలో ఒక నోట్సు చూశారు. అరటితొక్కల మధ్య, ఒక్క మరక లేకుండా, అట్ట వేసి ఉన్న నోట్సు. పేరు చదివారు. రేవు పక్క గిలకలదిండి నుంచి నడిచొచ్చే ఎనిమిదో తరగతి పిల్ల. తండ్రి బోటు మీద వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆ పిల్ల గురించి నాకు అంతకుముందే ఒకటి రెండుసార్లు చెప్పారు. ఆ పిల్ల బడికి రాక అప్పటికి రెండ్రోజులైంది.

"ఇది ఇందులోకి ఎలా వచ్చిందిరా?" అని క్లాసులో అడిగారు.

లీడరు లేచి నిలబడి చెప్పాడు. వాడి మొహంలో తప్పు చేశానన్న బెరుకేమీ లేదట. "మడి దాంట్లో వెయ్యబోయిందండీ. నువ్వు చేపలోళ్ళ పిల్లవి, నువ్వు ముట్టుకుంటే మడి పోద్ది, ఇందులో వెయ్యి అన్నామండీ."

"ఎవరు చెప్పారు అలా?"

"మీరే కదండీ, మడి అని రాశారు."

ఆ సాయంత్రం ఆయన నా కొట్లో స్టూలు మీద కూర్చున్నారు. పిల్లలకి తెలీదు కదండీ, ఏదో పొరపాటు జరిగిపోయింది అన్నాను. ఆయన తలెత్తి, "జరిగిపోలేదోయ్. చేశాను. పిల్లలు ఆ మాటని నాకంటే సరిగ్గా అర్థం చేసుకున్నారు. దాని అర్థమే అది. తమాషా అనుకున్నది నేను" అన్నారు.

"పోనీ మానేద్దామా మేష్టారూ, ఈ బుట్టల గొడవ?"

"బుట్టలేం చేశాయి? మాట నాది, మాట మారుద్దాం."

మర్నాడు ఇద్దరం సైకిళ్ళ మీద గిలకలదిండి వెళ్ళాం. ఆ పిల్ల తల్లి గుమ్మంలో నిలబడింది. పిల్ల లోపలెక్కడో ఉంది. మేష్టారు చెప్పులు విడిచి, "తప్పు నాదమ్మా. పిల్లని బడికి పంపించండి" అన్నారు.

"పంపకపోడమేంటండీ, అదే రానంటంది. మా చేతులకి వాసనుంటది, అది నిజమే గదండీ" అందావిడ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

రెండోసారి ఆయనొక్కరే వెళ్ళారు. పిల్ల గుమ్మం దాకా వచ్చి, తలొంచుకు నిలబడి, మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయిందట. మూడోసారి వెళ్తే పిల్ల ఇంట్లో లేదంది తల్లి. పైగా, "ఇంక రాకండి మేష్టారూ. మీరొచ్చినప్పుడల్లా వీధిలోవాళ్ళు ఏం జరిగిందని అడుగుతున్నారండీ, అది ఏడుస్తంది" అని చేతులు జోడించిందట. ఆయన మళ్ళీ వెళ్ళలేదు. ఆ పిల్ల బడికి రాలేదు.

బుట్టల మీద సున్నం కొట్టి, కాగితాల బుట్ట, తొక్కల బుట్ట అని రాశారు. మగపిల్లలు దాన్ని తొక్కలో బుట్ట అని నవ్వేవాళ్ళు. నవ్వనివ్వు, దీనివల్ల ఎవరూ ఇంటికి వెళ్ళిపోరు అనేవారు. కానీ కట్టల్లో మళ్ళీ మెతుకులు మొదలయ్యాయి. తప్పు మాట దానంతటది పనిచేసింది. ఈ మాటకి పక్కన మనిషి నిలబడాల్సి వచ్చింది. అందుకని మేష్టారే నిలబడ్డారు. రోజూ అన్నం బెల్లుకి తన కేరేజీ మూత తియ్యకుండా ముందు బుట్టల దగ్గరికి వెళ్ళేవారు. ఎండలో, తుంపరలో, గొడుగేసుకుని, "కాగితమా, తొక్కా? చూసి వెయ్యమ్మా" అంటూ. రిటైరయ్యేదాకా నిలబడ్డారు. రిటైరయ్యాక కూడా వెళ్ళి నిలబడుతుంటే కొత్త హెడ్మాస్టరు మొహమాటపడి ఒక కుర్చీ వేయించాడు. ఆయన దాని మీద గొడుగు పెట్టుకునేవారు.

గుడివాడ స్కూళ్ళకీ, దివిసీమలో అవనిగడ్డ దాకా ఆయన బస్సుల్లో తిరిగి బుట్టలు పెట్టించారు. ఒకసారి గుడివాడకి నన్నూ తీసుకెళ్ళారు. ప్రార్థన అయ్యాక పిల్లల ముందు నిలబడి, కాగితం గొప్పతనం, చెట్లు, పొగ, ఏమీ ఎత్తుకోలేదు. "నేను ఒక పిల్లని బడి మాన్పించాను. ఎలాగో చెప్తాను వినండి" అని మొదలుపెట్టారు. పక్కనున్న టీచర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తిరుగు బస్సులో అడిగాను, ఎందుకండీ ప్రతిచోటా మీ పరువు మీరే తీసుకోవడం అని. "పేరు పెట్టేటప్పుడు ఆ పేరుతో ఎవరిని తోసేస్తామో చూసుకోవాలి. అది చెప్పకుండా బుట్టలిస్తే నాలాంటివాడే ఇంకొకడు ఇంకో పేరు పెడతాడు" అన్నారు.

నెలకోసారైనా నన్ను అడిగేవారు. "అటేమైనా వెళ్ళావా? కనపడిందా?" పేరు చెప్పేవారు కాదు. ఎవరని నేనూ అడిగేవాణ్ణి కాదు. పెళ్ళయిందండీ అని ఒకసారి చెప్పాను. మంచిది అన్నారు. ఇప్పుడు వేలంలో తనే చేపలు కొని ఊళ్ళో అమ్ముకుంటోందండీ అని ఇంకోసారి చెప్పాను. గొడుగు తీసుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ చేతిరాత గుర్తొచ్చి ఉంటుంది.

నిన్న పొద్దున గిలకలదిండి వెళ్ళాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా. బోట్లు అప్పుడే వచ్చాయి. ఆడవాళ్ళు గంపల చుట్టూ గుమిగూడి ఉన్నారు. వేలం నడుస్తోంది. ఆనాటి ఆ పిల్ల నన్ను చూసి గుర్తుపట్టి, కొంగు దోపుకుంటూ పక్కకి వచ్చింది.

"మేష్టారు పోయారమ్మా."

"ఎప్పుడు బాబాయ్?"

"మంగళవారం."

చేతులు చీరకి తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"మా ఇంటికి మూడుసార్లొచ్చారు" అంది.

"తెలుసమ్మా. మూడోసారి నువ్వు ఇంట్లో లేవట."

"ఉన్నాను బాబాయ్. తలుపెనకాలే ఉన్నాను. లేనని మా అమ్మచేత చెప్పించాను. మళ్ళీ ఎలాగూ వస్తారు గదా, ఈసారి వస్తే వెళ్దాంలే అనుకున్నాను. పుస్తకాలు కూడా సర్దుకున్నాను." గంపల వైపు తిరిగి, "రాలేదు" అంది.

వాళ్ళమ్మ ఆరోజు మేష్టారితో ఏమందో నాకు తెలుసు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. నా నోటి చివరిదాకా వచ్చింది, చెప్పలేదు. చెప్పకపోవడం తప్పో ఒప్పో, అడుగుదామంటే అడగాల్సిన మనిషి లేరు.

వెనకాల వంజరం చేపల గంప వేలానికొచ్చింది. అది రోజూ తను పాడుకునే సరుకట. వేలం వేసేవాడు రెండోసారి అని గట్టిగా అరిచి, ఈవిడ వైపు చూసి ఆగాడు. ఈవిడ రేవు నీళ్ళ మీదికి చూస్తోంది. చెయ్యెత్తలేదు. అతను ఇంకాస్త ఆగాడు. గంప అడుగునుంచి ఐసు కరిగిన నీళ్ళు కారుతూ, మా ఇద్దరి పాదాల మధ్యనుంచి సన్నగా రేవులోకి పోతున్నాయి.