లేచి నిలబడితే గడ్డకట్టింది

తెలంగాణ వచ్చిన కొత్తలో నా దగ్గర రెండు ఉండేవి: ఎవరితోనైనా వాదించగల నోరు, ఎప్పుడు ఊడుతుందో తెలియని ఉద్యోగం. (నోరు ఇప్పటికీ ఉంది.) ముప్పై నిండని వయసు. లోకంలో సగం మందికి పని చేతకాదని, మిగతా సగానికి నేను నేర్పాలని గట్టి నమ్మకం. రోజూ నల్గొండలో బస్సెక్కి, నార్కట్‌పల్లి అవతల ఒక ఫార్మసీ కాలేజీకి పోయేదాన్ని. కండక్టరుతో ఒక వాదన, కాలేజీ గేటు దగ్గర ఒక వాదన ముగించుకుని ల్యాబులో అడుగుపెట్టేసరికి ఒళ్లు వేడెక్కి, పనికి సిద్ధంగా ఉండేది.

పని ఏమిటంటే, కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రొటీనుతో కంటికి కనబడనంత చిన్న ఉండలు చేయడం. మందును నేరుగా ఇస్తే అది ఒళ్లంతటా చెదిరిపోతుంది. ఆ ఉండల్లో పొదిగి పంపితే చేరాల్సిన చోటికి చేరుతుందని ఆశ. అందుకు మా దగ్గర ఒక చిప్పు ఉండేది. అద్దం పలక మీద అతికించిన, రబ్బరులాంటి మెత్తటి ముక్క. దాని లోపల వెంట్రుకంత సన్నటి కాలువలు. ఒక సిరంజి నుంచి ప్రొటీను నీళ్లు, ఇంకోదాన్నుంచి ఆల్కహాలు, రెండింటినీ చిన్న మోటరు పంపులు మెల్లగా నెట్టేవి. రెండూ కలిసిన చోట ప్రొటీను ముడుచుకుని ఉండలయ్యేది. సరిగ్గా వస్తే చివర పడే చుక్క నీళ్లు కలిపిన పాలలా లేత నీలంగా మెరిసేది. తప్పితే విరిగిన పాలే.

ఇదంతా మా అత్తమ్మకు వివరించడం ఆ వయసులో నేను చేసిన సాహసాల్లో ఒకటి. ఆమె ఓపికగా విని, "గుడ్డు తింటె అయిపాయె గదనే. గంత చిన్నగ చేసుడెందుకు, మల్ల దాన్ని ఎతుకుడెందుకు?" అంది. నేను మూడు రకాలుగా వాదించాను. ఆమె నాలుగో రకంగా తేల్చేసింది: "ఈసారి నీ నౌకరి నిలవడితె నేను నోరెత్త. నిలవడకుంటె మాత్రం వచ్చి మన ఎరువుల దుకాణంల గల్లా మీద కూసో. మామయ్యకు కండ్లు కనవడుత లేవు." యూరియా బస్తాల వాసన మధ్య రైతులతో రోజంతా వాదిస్తూ కూర్చున్న నన్ను నేను ఊహించుకున్నాను. (నిజం చెప్పాలంటే ఆ పనికి నేను బాగానే సరిపోదును. అదే నా భయం.)

నౌకరీ నిలబడేది పెద్దసారు చేతిలో. మా ప్రాజెక్టును చూసి, కొనసాగించాలో వద్దో చెప్పడానికి హైదరాబాదు నుంచి వస్తున్నాడాయన. ఆ ఉదయం అన్నీ అమరాయి. చుక్క తర్వాత చుక్క, నీలంగా, ముద్దొచ్చేలా పడుతోంది. ఇంతలో తలుపు తెరుచుకుంది. మా సారు, అంటే ప్రాజెక్టు నడిపే మా ప్రొఫెసరు, ఎగిరి లేచాడు. ఆయన్ని చూసి నేనూ లేచాను. ఆయన చేత్తో "ఆపు, ఆపు" అని సైగ చేశాడు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు పని చేస్తూ కూర్చోవడమేమిటని రెండు పంపులూ నొక్కి ఆపేశాను. నమస్కారాలు, కుర్చీలు, మంచినీళ్లు, చాయ్, "తొవ్వల ట్రాఫిక్ ఉండెనా సార్?" అన్నీ పద్ధతిగా జరిగాయి. మేమక్కడ మర్యాదలు చేస్తుంటే, ఇక్కడ కదలిక లేని కాలువలో ఆల్కహాలు మెల్లగా ప్రొటీనులోకి పాకి, దాన్ని ఉడికిన గుడ్డులా గట్టిపరిచింది.

"ఇగ చూపియ్యండమ్మా" అన్నాడు పెద్దసారు. పంపు నొక్కాను. పంపు మూలిగింది. చుక్క లేదు. మా సారు మొహంలో రక్తం లేదు. అప్పుడు నాకు మా నాయిన గుర్తొచ్చాడు. బత్తాయి తోటలో డ్రిప్పు పైపులు సున్నం పట్టి మూసుకుపోతే, ఆయన చివర బిరడా పీకేసి మోటరు జోరు పెంచేవాడు. లోపలి గడ్డ తూటాలా ఎగిరిపోయేది. "మూసుకపోయిన పైపుకు మందు జోరే బిడ్డా" అనేవాడు. సిరంజిని పంపు నుంచి ఊడదీసి, రెండు బొటనవేళ్లూ పెట్టి, తోట మొత్తానికీ నీళ్లు పారించేంత బలంతో నొక్కాను.

గడ్డ కదల్లేదు. చిప్పే కదిలింది. మెత్తటి ముక్క అద్దం నుంచి ఊడి లేచింది. స్పిరిటు కలిసిన తెల్లసొన సన్నని పిచికారీలా ఎగిరి పెద్దసారు కళ్లద్దాల మీద, మీసం మీద, చాయ్ కప్పులో పడింది. ల్యాబంతా కల్లు దుకాణం దగ్గరి గాలి.

"సార్, సార్, ఈమె కొత్త సార్" అన్నాడు మా సారు. (నేను చేరి ఏడాది దాటింది.)

క్షమించమని అడగాల్సిన చోట నా నోరు తన పాత అలవాటు చూపించింది. "నాది తప్పెట్లయితది సార్? మీరు రాకముందు మంచిగనే నడిచింది. మీరొచ్చిన్రని ఆపినం. ఆపితె గడ్డకట్టింది. మర్యాద చేసుట్ల చెడిపోయింది గనీ, చేతకాక కాదు."

మా సారు కళ్లు మూసుకున్నాడు. పెద్దసారు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వాసన చూసి, "అయితే తప్పు నాదేనా?" అన్నాడు.

"సగం" అన్నాను.

ఆయన నవ్వాడో, మూతి మీది తెల్లసొన ఎండి లాగిందో ఇప్పటికీ చెప్పలేను. "చిప్పు నేను పంపిస్త. వచ్చే నెల మల్ల వస్త. ఎవ్వరు లేవొద్దు, చాయ్ ఇయ్యొద్దు. అప్పుడు గూడ చుక్క రాకుంటె మొత్తం తప్పు మీదే" అని వెళ్లిపోయాడు.

చెప్పినట్టే చిప్పు పంపించాడు. ఆ నెలంతా మా సారుకు కూర్చునే ఉండడం నేర్పించాను. తలుపు చప్పుడైతే చాలు, పాపం, ఆయన మోకాళ్లు వాటంతటవే లేచేవి. ఆ రోజు రానే వచ్చింది. కాలువలో రెండు ధారలూ కలిశాయి. నా వెనక తలుపు తెరుచుకుంది. సారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నేను తల తిప్పకుండానే, "ఆడనే నిలవడుండ్రి. ఏం ముట్టుకోకుండ్రి, మాట్లాడకుండ్రి" అన్నాను. చుక్క పడింది. ఇంకోటి పడింది. నీలం! గ్లాసు అడుగు నిండేదాకా ఆగి, "ఇగ రాండ్రి, చూడుండ్రి!" అని గర్వంగా తిరిగాను.

తలుపు దగ్గర మా అత్తమ్మ. హైదరాబాదులో కూతురింటికి పోతూ, పొద్దున నేను మరచిపోయిన టిఫిను డబ్బా ఇద్దామని బస్సు దిగి వచ్చింది. ఆమె వెనక, గడప అవతల, పెద్దసారు. ఆయన లోపలికి రాకుండా మా అత్తమ్మ చేయి అడ్డం పెట్టి ఉంది.

"ఆగు సారూ" అంటోంది గుసగుసగా. "అత్తనని సూడకుంట నన్నే నిలవెట్టింది. నిన్ను ఇడుస్తదా?"

ఉద్యోగం ఇంకో రెండేళ్లు నిలబడింది. అత్తమ్మ గ్లాసు ఎత్తి చూసి, "పల్సటి పాల లెక్కనే ఉంది. గిందుకేనా గింత లొల్లి?" అంది గానీ, మాట తప్పలేదు. దుకాణంలో గల్లా మీద తనే కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబెట్టిన సంగతి చుట్టాలందరికీ మొదట ఫిర్యాదుగా చెప్పింది. కొన్నేళ్లకు అదే కథలో పెద్దసారు ఇంకాస్త పెద్దవాడయ్యాడు, ఆమె గొంతులో గొప్ప వచ్చి చేరింది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న ల్యాబు ఉంది. ఎవరొచ్చినా లేవొద్దని, పంపు ఆపొద్దని మొదటి రోజే అందరికీ చెబుతాను. మొన్న హుషారుగా తలుపు తీసుకుని లోపలికి పోయానా, కొత్తగా చేరిన పిల్ల తల కూడా తిప్పలేదు. "ఆడనే ఉండుండ్రి, మాట్లాడకుండ్రి" అంది. ఎంత పొగరు, పెద్దా చిన్నా లేదా అని మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. చుక్కలు పడుతున్నాయి. పిల్ల మెడ బిగుసుకుని ఉంది. అంతసేపు నోరు మూసుకుని నిలబడడం అత్తమ్మకు ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది. చేతిలో టిఫిను డబ్బా ఒక్కటే తక్కువ.