దాహినే అంటే దాపట కాదు

మా సత్తిరాజు మావయ్యకి డెబ్బై అయిదు దాటాయి. మిలటరీ పింఛను, కోపం ముక్కు మీదే. అలాంటి మనిషి మొన్న ఫోన్ చేసి, "అమ్మాయ్, మొగల్తూరులో మా దావీదు చెల్లెలి దగ్గర నేనొక తప్పు ఒప్పుకోవాలే. ఒక్కణ్ణీ వెళ్ళలేను, తోడు రా" అన్నాడు. దావీదు ఆయనతో పాటే సైన్యంలో చేరి, బంగ్లాదేశ్ యుద్ధంలో పోయిన స్నేహితుడు. తప్పేంటని అడిగితే దారిలో చెప్తాలే అని ఫోన్ పెట్టేశాడు. ఆగలేక ఆ శనివారమే బయలుదేరదీశాను.

రాజమండ్రిలో ఉదయం ఆరున్నరకి పాలకొల్లు బస్సెక్కాం. రావులపాలెం మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే ఉచితం కాబట్టి డబ్బులు మావయ్య ఒక్కడికే. "దేశానికి కాపలా కాసింది నేను, ఉచితం నీకా?" అని సిద్ధాంతం వంతెన దాటేదాకా సణుగుతూనే ఉన్నాడు. పాలకొల్లులో దిగి పెసరట్టు తిన్నాం. ఇద్దరికీ కలిపి నూట ఇరవై అయింది.

అక్కణ్ణించి ఆటోలో పది నిమిషాలు వెళ్తే ఊరి శివార్లలో ఒక కాలేజీ వస్తుంది. యుద్ధానికి కొన్ని నెలల ముందు దానికి సెలవులిచ్చి, కొత్తగా సైన్యంలో చేరిన కుర్రాళ్ళకి కొన్ని వారాలు అక్కడే తొలి శిక్షణ ఇచ్చారట. ముందు అది చూడందే కాలు కదలనన్నాడు మావయ్య. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"పూర్వ విద్యార్థులాండి? డిగ్రీ ఏ ఇయరండి?"

"డిగ్రీ కాదు బాబూ, నేనిక్కడ కర్ర తుపాకీ పట్టుకున్నాను."

వాచ్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని వదిలాడు. క్లాసులు జరుగుతున్నాయి. గ్రౌండు మధ్యలో నిలబడి మావయ్య చెప్పడం మొదలుపెట్టాడు.

దావీదు చిన్నప్పట్నుంచీ అరక దున్నినవాడు. కాడికి కుడివైపు కట్టేది ఎలపటెద్దు, ఎడమవైపు కట్టేది దాపటెద్దు. డ్రిల్లు నేర్పే హిందీ ఉస్తాదు 'దాహినే ముడ్' అని అరిస్తే అందరూ కుడికి తిరగాలి. దావీదుకి ఆ 'దా' చెవిన పడగానే దాపటెద్దే గుర్తొచ్చేది, ఠక్కున ఎడమకి తిరిగేవాడు. పక్కవాడి ముక్కూ ఇతని ముక్కూ ఢీకొనేవి. నేను పగలబడి నవ్వాను. మావయ్య నవ్వలేదు.

"శనివారం కూడా తప్పితే ఇంటికి పంపేస్తానన్నాడు ఉస్తాదు. వాడు ఏడ్చాడే. నేనే మూడు సాయంత్రాలు హాస్టల్ వెనక నిలబెట్టి, దాహినే అంటే ఎలపట అనుకోరా అని నేర్పాను. శనివారం ఒక్కటీ తప్పలేదు. నేను ఊరుకునుంటే ఇంటికెళ్ళిపోయి బతికుండేవాడు." ఆ మాట ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నాడని తెలిసి నాకు జాలేసింది. నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది.

పదకొండింటికి నరసాపురం బస్సెక్కి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని మొగల్తూరు చేరేసరికి పన్నెండున్నర. దావీదు చెల్లెలు మరియమ్మ గారి ఇల్లు చర్చి వెనక వీధిలో ఉంది. మావయ్య తనెవరో చెప్పుకోగానే ఆవిడ కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చారు. గ్లాసు ముట్టుకోకుండా అంతా చెప్పి, "నేనే వాణ్ణి యుద్ధానికి పంపేశానమ్మా" అన్నాడు.

"మా అన్నయ్య మొండోడండి. మీరు కాకపోతే ఇంకోళ్ళని పట్టుకుని నేర్చుకునేవాడు. దానికి మిమ్మల్నేమంటామండి?" అన్నారు మరియమ్మ గారు. "కానీ ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండి మీరు? టెలిగ్రాం ఒక్కటే వచ్చింది మాకు. వాడితో ఉన్నవాళ్ళెవరైనా వచ్చి, అక్కడ ఏం తిన్నాడో ఎలా ఉన్నాడో చెప్తారని మా అమ్మ పోయేదాకా చూసిందండి."

మావయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మరియమ్మ గారే కుర్చీ దగ్గరకి జరుపుకుని, "పోనీ నాకు చెప్పండి" అన్నారు. దావీదు రొట్టెలు మింగుడుపడక అన్నం కోసం వంటవాళ్ళతో పోట్లాడడం, ఆదివారం హాస్టల్ మెట్ల మీద కూర్చుని పాటలు పాడడం, అన్నీ చెప్పాడు మావయ్య. ఆవిడ ఒక్కోటీ రెండేసిసార్లు చెప్పించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో మావయ్య పక్కన కూర్చుని నేను అదే ఆలోచించాను. చేయని తప్పుకి భయపడి, ఒక తల్లి గుమ్మం తొక్కకుండా యాభై ఏళ్ళు గడిపాడు. ఆయన మీద కోపం వచ్చింది, జాలీ కలిగింది. ఇప్పటికీ రెండూ ఉన్నాయి.

మీరూ ఇలాంటి పని మీద అటు వెళ్తుంటే ఒక్క సలహా. మాలాగా ముందు గ్రౌండు దగ్గర ఆగకండి. కాలేజీ సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది, పొద్దున్న బస్సుకే తిన్నగా మొగల్తూరు వెళ్ళిపోండి.