ఇన్సూరెన్సు గుర్తుచేసే ఫోను

ఆదివారం పొద్దున ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టానో లేదో ఫోను మోగింది. తెర మీద ‘డ్రైవింగ్ టీచర్’ అని పడింది. నవ్వుతూనే ఎత్తాను. అవతల మగ గొంతు.

“అమ్మా, నేను టీచరు అన్నను మాట్లాడేది. చెల్లెలు పాయమ్మా, ఆస్పత్రిలోనే. మధ్యాన్నం ఎత్తుతాం.”

ఆవిడకు ఒంట్లో బాగాలేదన్న సంగతే నాకు తెలియదు. పొయ్యి ఆపేసి కారు తాళం తీసుకున్నాను. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి గుర్తొచ్చింది. ఏటా ఈ రోజుల్లోనే ఆవిడ ఫోను వస్తుంది. “ఏమ్మా, ఇన్సూరెన్సు అయిపోతా ఉండాది, కట్టినావా లేదా?” అని. ఈసారి రాలేదు. పాలసీ తీసి చూశాను. గడువు శుక్రవారంతో తీరిపోయింది.

నేను పిరికిదాన్ని. గ్యాసు కట్టేశానా లేదా అని లిఫ్టులోంచి వెనక్కి వచ్చే రకం. అన్నిటికీ భయపడేదాన్ని, ఆ ఫోను ఎందుకు రాలేదని మాత్రం భయపడలేదు.

నలభై దాటాక నాకు స్టీరింగ్ పట్టాల్సి వచ్చింది. మా ఆయనది షిఫ్టు ఉద్యోగం, అత్తగారికి వారం వారం ఆసుపత్రి. హెచ్‌ఎస్‌ఆర్‌ కాలనీలో ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పే టీచరు ఉన్నారంటే వెళ్ళాను. రోజూ ఊరి బయట అత్తిబెలె నుంచి బస్సులో వచ్చేవారు. చీర మీద మగవాళ్ళ షర్టు, కాళ్ళకు కాన్వాసు బూట్లు. మొదటి రోజు ఇంజను స్టార్ట్ చేయనివ్వలేదు.

“మీ ఇంట్లో కారుకు ఇన్సూరెన్సు ఉండాదా?”

“ఫుల్లే అనుకుంటా మేడం.”

“అనుకునేది వద్దు. రేపు చూసి చెప్పు.”

మర్నాడు చెట్టు నీడన కారు ఆపి విడమరిచి చెప్పారు. “నీ బండి గుద్ది ఎవురికన్నా దెబ్బ తగిలితే వాళ్ళకిచ్చేది థర్డ్ పార్టీ. అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు, చట్టం. ఏ రాష్ట్రానికి పోయినా అదే. నీ బండికి తగిలే దెబ్బకు ఓన్ డ్యామేజీ, అది నీ ఇష్టం. రెండూ కలిపితే ఫుల్లంటారు. నడిపే నీకేమన్నా అయితే ఓనర్ డ్రైవర్ కవరు వేరే. మీ బేస్‌మెంట్లో వానకు నీళ్ళు నిలుస్తాయి గదా, ఇంజన్ కవరు కూడా అడుగు. నీళ్ళల్లో స్టార్ట్ చేసి ఇంజను పోగొట్టుకుంటే మామూలు పాలసీలో రాదు.”

నాకు తల తిరిగింది. కారు పాతబడింది కదా, ఇవన్నీ ఎందుకని మా ఆయన అన్న మాటే ఆవిడకు అప్పజెప్పాను.

“నీ కారు ధర పడిపోయినాక ఓన్ డ్యామేజీ తీసేస్తావా, తీసేయ్. ఆ లెక్క నీది. థర్డ్ పార్టీ మాత్రం నీది కాదు.”

“ఎప్పుడో ఎవరికో తగిలితే కదా మేడం?”

ఆవిడ వెనకద్దం నా వైపు సరిచేశారు. “ఎవురో అనుకుంటా ఉండావు. థర్డ్ పార్టీ మా అన్నమ్మా.”

వాళ్ళ ఊరి దారిలో చందాపుర దగ్గర ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద వస్తుంటే ఆయన్ను సరుకుల వ్యాను గుద్దిందట. దానికి ఇన్సూరెన్సు లేదు. కేసు గెలిచారు, కానీ పరిహారం ఇవ్వడానికి బండి యజమాని దగ్గర ఏమీ లేదు. కాలు వంగకుండా అన్న ఇంట్లో కూర్చుంటే, కాలేజీ మానేసి ఈవిడ డ్రైవింగ్ నేర్చుకున్నారు.

“ఆ బండి ఆయప్ప చెడ్డోడేం కాదు,” అన్నారు. “గడువు మరిచిపోయినాడు, అంతే.”

డ్రైవింగ్ స్కూలు కారులో ఆవిడ కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఉండేది. తర్వాత మా కారులోనే నేర్పడానికి వచ్చేవారు. ఇందులో అది లేదు. అయినా ఎదుట ఎవరైనా అడ్డం రాగానే ఆవిడ కుడికాలు మ్యాటును గట్టిగా నొక్కేది. నేను నవ్వితే, “సుమ్మనే, నోరు మూసుకోని నడుపమ్మా,” అని కసిరేవారు. ఆ చోట రబ్బరు అరిగి నున్నబడింది.

ఫోను పెట్టేసే ముందు ఏటా ఒకటే మాట. “ఒక్కదానివే కారేసుకోని మా ఇంటికి రావాల. అప్పుడే నేర్చుకున్నట్టు.” వచ్చే నెల వస్తానని చెబుతూ వచ్చాను. చందాపురలో లారీలు, కంపెనీ బస్సులు తలుచుకుంటేనే నా అరచేతులు చెమర్చేవి.

“ఒక్కరోజుకేమవుతుంది? ఎవరాపుతారు? మెల్లగా వెళ్ళు,” అన్నారు మా ఆయన. ఫోనులో వెతికాను. ఫుల్ పాలసీకి కంపెనీవాళ్ళు వచ్చి కారును చూడాలట. థర్డ్ పార్టీ వెంటనే ఇస్తారు కానీ అర్ధరాత్రి దాటాకే అమల్లోకి వస్తుందట. కారు తీస్తే ఆఖరి చూపు దక్కుతుంది. కానీ గడువు తీరిన కారులోంచి ఆ అన్న ముందు ఎలా దిగను? థర్డ్ పార్టీ కట్టేసి బస్సెక్కాను.

చందాపురలో బస్సు ఇరుక్కుపోయింది. దిగి నడుద్దామా, ఆటో దొరుకుతుందా, ఎత్తేశారేమో...

ఎత్తేశారు. వాకిట్లో పూలరేకులు తడిసి ఉన్నాయి. గడప మీద ఆవిడ అన్న ఒక్కడే, వంగని కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. శ్మశానం దాకా నడవలేడు.

“కారులో వస్తివా తల్లీ?”

“లేదన్నా. బస్సులో. ఇన్సూరెన్సు అయిపోయింది.” అంతే, ఏడుపు ఆగలేదు.

ఆయన గడప మీద కొంచెం పక్కకు జరిగాడు. “కూర్చోమ్మా. ఆయమ్మ ఉంటే, బస్సుకు ఇన్సూరెన్సు ఉండాదా, చూసి ఎక్కినావా అని తిట్టేది.”

తర్వాత కంపెనీవాళ్ళు వచ్చి కారును చూసి, ఓన్ డ్యామేజీ కూడా ఇచ్చారు. పదకొండో రోజు కర్మకు ఒక్కదాన్నే కారు తీశాను. మేడం, ఇప్పుడు వస్తున్నాను అని పైకే అన్నాను. చందాపురలో ఫ్యాక్టరీ చొక్కా వేసుకున్న ఒకాయన సైకిల్ మీద అడ్డంగా దూరాడు. బ్రేకు తొక్కాను. కారు ఆగింది. ఆయన వెనక్కైనా చూడకుండా దాటిపోయాడు. వెనక లారీలు హారన్ కొడుతుంటే నేను ఎడమవైపు చూశాను. ఖాళీ సీటు ముందు, మ్యాటు మీద నున్నగా అరిగిన చోట, ఎండ పడుతోంది.