వాలుగ కడుపులో ఏముంది

తొంభైల నడుమ, వానలు బాగా కురిసిన ఏడాది, నన్ను మదనపల్లె నుంచి పుంగనూరుకు మత్స్యాభివృద్ధి అధికారిగా బదిలీ చేశారు. చెరువులకు చేపపిల్లలు అందించడం, మత్స్యకారుల సహకార సంఘాల పని చూడటం నా బాధ్యత.

చేరగానే ఒక తగాదా ఎదురైంది. ఊరికి దూరంగా ఉన్న ఒక చెరువులో అంతకు ముందు ఏడాది బొచ్చె చేప పిల్లల్ని వదిలారు. పెరిగాక వల వేస్తే పట్టుమని నాలుగు బుట్టలు కూడా రాలేదు. వానలకు చెరువు నిండాక ఈ ఏడాదీ కొత్తగా పిల్లల్ని వదిలారు. కాపలా ఉన్న గంగులప్పే దొంగతనంగా పట్టి అమ్ముకున్నాడని సంఘం అధ్యక్షుడు రెడ్డెప్ప నమ్మకం. అతన్ని సభ్యత్వం నుంచి తీసేయడానికి సమావేశం పెట్టుకున్నారు. అధికారి హాజరు కావాలి గనుక నన్ను పిలిచారు.

“చేపలు యాడికి పోతాయి సార్? రెక్కలొచ్చి ఎగిరిపోలేదు గదా,” అన్నాడు రెడ్డెప్ప.

గంగులప్ప యాభై దాటిన మనిషి. వాదించలేదు. “నేను సెప్పేదేముండాది సార్. సెరువునే అడగండి,” అన్నాడు. సమావేశాన్ని కొన్నాళ్లు వాయిదా వేయించాను.

మర్నాడు తెల్లవారుజామున నేనూ గంగులప్పా తట్టలాంటి గుండ్రటి పుట్టిలో చెరువులోకి వెళ్లాం. అలాంటి ఉదయాన్ని మళ్లీ చూడలేదు. పొగమంచు నీళ్లను పూర్తిగా కప్పేసింది. మునిగిన తుమ్మచెట్ల కొమ్మలు గాలిలో వేలాడుతున్నట్టున్నాయి. పుట్టి కదులుతోందో, మేమే నిలిచి ఉండగా చెరువు జరిగిపోతోందో తెలియలేదు. ఎక్కడో పిడికెడు బియ్యం చల్లినట్టు చిన్న చేపలు నీటిపైకి చిందాయి. వాటి వెనక ఏదో బరువుగా పొర్లింది.

“వాలుగలు సార్. మేస్తాండాయి,” అన్నాడు గంగులప్ప మెల్లగా.

వాలుగ తోటి చేపల్ని మింగి బతికే చేప. తుమ్మమోళ్ల మధ్య దాగుతుంది. అక్కడ వల వేస్తే చినుగుతుంది గనుక గాలమే దారి. కప్పను ఎరగా కడితే ఒకటి పడింది. కట్ట మీద దాని కడుపు కోసి, లోపలిదంతా తెల్లటి పళ్లెంలో పోసి కడిగాను. చేప ఏం తింటుందో తెలుసుకోవడానికి మా శాఖలో చేసే పద్ధతి అది. పళ్లెంలో చిన్న చేపలు తేలాయి: పెద్ద తల, పైకి తిరిగిన నోరు. అరగకుండా మిగిలినవి బొచ్చె పిల్లలే, ఒక్కోటి వేలెడు పొడవు.

రెడ్డెప్ప ఒప్పుకోలేదు. “ఒగ సేప తినింటే, సెరువంతా అదే తినిందని యాల అనుకోవల్ల సార్?”

అతని ప్రశ్న న్యాయమైనదే. ఇంకా వాలుగలు కావాలి. కానీ కప్పలకు ఆ తర్వాత జమ్ము గడ్డి పక్కన కొరమీనులే పడ్డాయి. వాటి కడుపుల్లో కప్పలు, పురుగులు తప్ప మరేమీ లేవు. అప్పుడు నాకు అర్థమైంది: ఒడ్డున మేసే చేపకు కప్ప సరే, లోతున పిల్లచేపల్ని తరిమే వాలుగకు పిల్లచేపలాంటిదే చూపాలి.

బస్టాండు దగ్గర వెల్డింగు షాపులో ఒక స్టీలు గరిటె పిడి కోయించి, రెండు చివరలా బెజ్జాలు వేయించి, గాలం తగిలించాను; నీళ్లలో లాగితే చేపలా మెరుస్తుంది. వాలుగ దాని వెంట వచ్చి, చూసి, మళ్లిపోయింది. పళ్లెంలోని పిల్లల పొడవు గుర్తొచ్చింది. ఈసారి టీ స్పూను కోయించాను. సరిగ్గా వేలెడు.

మర్నాడు మంచులోకి దాన్ని విసిరి, కాస్త మునగనిచ్చి, మెల్లగా లాగాను. మసక నీళ్లలో అది వెలిగి ఆరి, మళ్లీ వెలిగింది. కాసేపు నాకే అది లోహమన్న సంగతి మరుపొచ్చింది. దారం ఒక్కసారిగా బిగిసింది.

“లాగొద్దండి సార్. వదలండి కొంచెం. అది తిరిగినాక సూడండి,” అంటూ గంగులప్ప పుట్టిని మోళ్ల నుంచి పక్కకు తిప్పాడు.

ఆ వారంలో చాలా వాలుగలు పట్టాం. దాదాపు అన్నింటి కడుపుల్లోనూ బొచ్చె పిల్లలే. వాయిదా పడిన సమావేశాన్ని కట్ట మీదే పెట్టించి, అందరి ముందూ మిగిలిన వాటిని కోశాను. రెడ్డెప్ప ఒక్కో పళ్లేన్నీ దగ్గరకు లాక్కుని, పిల్లల్ని వేలితో తిప్పి చూశాడు.

“కాపలాకు రాప్పా గంగులప్పా,” అన్నాడు చివరికి.

“వస్తాలే. ఈదిలో కొళాయి కాడ నా పెండ్లాంతో ఎవురూ మాట్లాడ్డం లేదు. ముందు ఆడ సెప్పు. ఈడ గాదు.”

రెడ్డెప్ప అప్పుడే లేచి అతనితో ఊళ్లోకి నడిచాడు. మేమంతా వెనక వెళ్లాం. కొళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ల మధ్య నిలబడి, “ఈ యప్ప ఏ తప్పూ సెయ్యలేదు. నేనే తప్పు మాట అన్నాను,” అన్నాడు. గంగులప్ప భార్య కళ్లు తుడుచుకుని, బిందె ఎత్తుకుని ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత కుప్పంలో చేసినా, తిరిగి మదనపల్లెలో చేసినా, వాలుగలున్న చెరువులో అరచేయంత పెరగని పిల్లల్ని వదలడానికి నేను అనుమతి ఇవ్వలేదు. చేపలు తగ్గాయని ఎవరైనా మనిషి పేరు చెబితే, ముందు ఆ చెరువులోని చేపల కడుపులు కోయించి చూశాకే విచారణ మొదలుపెట్టేవాణ్ణి. కొన్నిసార్లు నిజంగానే దొంగ ఉండేవాడు. అయినా ఆ క్రమం మార్చలేదు.