మైనస్ వాన

ఏ సమీకరణం అడిగినా గీత గీసి చూపించే సెల్‌ఫోన్లు ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉన్నాయి గానీ, నేను పాలిటెక్నిక్ చదివే కాలానికి మా కళ్యాణదుర్గం పక్కన గీతలు గీసే కాలిక్యులేటర్ ఉన్న మనిషి నాకు తెలిసి ఒక్కడే, మా లెక్కల సారు. ఆయన దాన్ని ఏడాదికొకసారి తెచ్చి, బల్లమీద పెట్టి, మమ్మల్ని వరసగా నిలబెట్టి దూరం నుంచి చూపించి, మళ్ళీ గుడ్డలో చుట్టుకుని పోయేవాడు. తాకనిచ్చేవాడు కాదు. పంతొమ్మిదేళ్ళవాడికి తాకనివ్వని వస్తువు మీద ఎంత ఆశ పుడుతుందో చెప్పనక్కర్లేదు. కొనే తాహతు ఎలాగూ లేదు కాబట్టి నేనే ఒకటి తయారు చేయాలని తీర్మానించుకున్నాను. (ఆ వయసులో రోజుకొక తీర్మానం చేసేవాణ్ణి. అమలైంది ఇదొక్కటే, అదీ మా అక్క వల్ల.)

అక్క ఆ ఏడాది డిగ్రీ లెక్కల పరీక్షలు రాసి సెలవులకి ఇంటికొచ్చింది. ఎక్కడెక్కడో దేశాల్లో తమ కాలిక్యులేటర్లు తామే చేసుకునే పిచ్చివాళ్ళు ఉన్నారని నేను ఇంటర్నెట్ సెంటర్‌లో చదివొచ్చి చెబితే, ఆమె నవ్వలేదు. గీత గీయాలంటే ఒక్కో చుక్కకీ లెక్క వేయాలి కదా, ఎన్ని చుక్కలు అని అడిగింది. అక్కడే మా ఒప్పందం కుదిరిపోయింది. తీగల పని నాది, ప్రోగ్రాం ఆమెది. పోస్టులో తెప్పించిన ఒక చిప్పు బోర్డు, చెడిపోయిన సెల్‌ఫోన్ నుంచి ఊడదీసిన తెర, పదహారు మీటలు. వీటన్నిటినీ ఇమడ్చడానికి అమ్మ కొత్తగా కొన్న గులాబీరంగు సబ్బుపెట్టె కావలసి వచ్చింది. అమ్మ ఆ సబ్బుపెట్టె కోసం పదిహేను రోజులు వెతికింది. పదహారో రోజు దానిమీద గోళ్ళరంగుతో రాసిన అంకెలు చూసి, వెతకడం మానేసింది.

మొట్టమొదట అడిగిన గీత ఎక్స్ స్క్వేర్. పుస్తకంలో అది గిన్నెలాగా ఉంటుంది. మా తెరమీద బోర్లించిన గిన్నె వచ్చింది. కొండ బాగా వచ్చినాదే అంది అమ్మ. నేను అక్క లెక్క తప్పన్నాను, అక్క నా తీగలు తప్పంది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. 'తొమ్మిదో తీగ ఊడదీసి చూడమని చెప్పు', 'మైనస్ గుర్తు చూసుకోమని చెప్పు' అంటూ సాంకేతిక సమాచారమంతా అమ్మ ద్వారానే నడిచింది. చివరికి తేలిందేమిటంటే, ఆ తెర వరసల్ని పైనుంచి కిందికి లెక్కబెడుతుంది. మేమేమో కిందినుంచి పైకి అనుకున్నాం. ఇద్దరం ఒకరినొకరు అనాల్సిన మాటలన్నీ అనుకున్నాం గానీ, తెర ఎట్లా లెక్కబెడుతుందో కనుక్కోలేదు.

ఆ తర్వాత మమ్మల్ని పట్టేవాళ్ళు లేకపోయారు. దీన్ని దానితో గుణిస్తే ఎట్లుంటుంది, దీని మీద అది వేస్తే ఎట్లుంటుంది అని పొద్దస్తమానం గీయడమే. కొన్ని పాముల్లాగా వచ్చేవి, కొన్ని తెర అంచుదాకా పోయి మాయమయ్యేవి. ఒకరోజు అక్క కొత్త ప్రోగ్రాం రాసింది. మనం కొన్ని చుక్కలు ఇస్తే వాటిలో ఒక్కదాన్ని కూడా వదలకుండా అన్నిటి గుండా పోయే గీతను పెట్టె తనే గీస్తుంది. ఆమె అది నాకు చూపిస్తుండగా నాయన అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. విత్తనం కాయలు. మృగశిర కార్తె దగ్గర పడింది, భూమి విత్తనానికి పదునయ్యేంత వాన కోసం ఊరంతా ఆకాశం చూస్తోంది. నాయన చేతులు దులుపుకుని వచ్చి, కాసేపు చూసి, లోపలికి పోయి పాత క్యాలెండర్ కాగితాల కట్ట తెచ్చాడు.

ఆ కట్ట సంగతి చెప్పాలి. మా నాయనకి వాన కొలిచే అలవాటు ఉండేది. పెరట్లో కత్తిరించిన సీసా ఒకటి పెట్టి, వాన పడిన ప్రతిసారీ స్కేలుతో కొలిచి, ఆ నెల క్యాలెండర్ కాగితం వెనక రాసేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తొమ్మిదేళ్ళ జూన్ వానలు ఆ కట్టలో ఉన్నాయి. వాటిని పెట్టెలో వేయమన్నాడు. వేశాం. గీత తొమ్మిది చుక్కల్నీ తాకుతూ పోయింది. నాయన వేలుపెట్టి ఒక్కో చుక్కనీ గుర్తుపట్టాడు. ఇది అక్క హైస్కూల్లో చేరిన ఏడు, ఇది కాయ బాగా పండిన ఏడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"ఇంగొక్క అడుగు ముందుకు నడిపించు పాపా. ఈ ఏడు సూద్దాం," అన్నాడు.

అక్క మీట నొక్కింది. గీత నిటారుగా లేచి తెర పైకప్పు దాటి వెళ్ళిపోయింది. నాయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆయన పోయింది ఎదురింటి మామ దగ్గరికని మాకు మర్నాడు తెలిసింది. పొద్దున్నే మామ, వెనక ఇంకో నలుగురు రైతులు మా ఇంటికొచ్చి సబ్బుపెట్టెని చూస్తామన్నారు. నేను చొక్కా మార్చుకుని మరీ చూపించాను. గీత పైకి పోవడం చూసి వాళ్ళు తలలాడించారు. మామ అయితే ఇంక పదును కోసం చూసేది లేదని, తొలి చినుకు పడగానే ఉన్న విత్తనమంతా భూమిలో వేసేస్తానని, వెనకాలే పెద్ద వాన వస్తుంది కదా అని చెప్పి వెళ్ళాడు. నాకు ఆనందంతో నేలమీద కాళ్ళు నిలవలేదు. అక్క ముఖం మాత్రం మారిపోయింది.

తెర పైకి పోయిందంటే ఎంత పైకి పోయిందో చూడలేదు కదా అంది. అంకె అడిగాం. నాలుగు వందల పన్నెండు సెంటీమీటర్లు అని చెప్పింది పెట్టె. ఒక్క జూన్ నెలలో నాలుగు మీటర్ల పైన వాన. మా మిద్దె ఎత్తు మూడు మీటర్లు. దశాంశ చుక్క ఎక్కడో జారిపోయుంటుందని, నాలుగు పాయింట్ ఒకటి రెండు అయ్యుంటుందని నేను గట్టిగా వాదించాను. (జారిపోతే ఎవరి తీగల్లోంచి జారిపోయిందని అక్క అడగలేదు. అది ఆమె మంచితనం.) ఆమె క్యాలెండర్ కాగితాలు ముందేసుకుని ఒక్కో అంకెనీ సరిచూసింది. ఆరో ఏడు కాగితం మీద నూనె మరక ఉంది. మేము మూడు అనుకున్నది ఎనిమిది కూడా కావచ్చు. నాయన రాతలో మూడు, ఎనిమిది అన్నదమ్ముల్లాగా ఉండేవి. సరే ఎనిమిది వేస్తే ఏమవుతుందో చూద్దామని వేసింది. ఈసారి గీత తలకిందులుగా దూకి తెర అడుగు దాటిపోయింది. అంకె అడిగితే మైనస్ రెండు వందల పద్దెనిమిది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒక్క నూనె మరకకి ఊరు మునగడం, ఎండడం రెండూ జరిగిపోతున్నాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా పెట్టె చెడిపోయిందని చెబుదామన్నాను నేను. మామ విత్తనమంతా పోతుంది రా అని అక్క నా చేతిలోంచి పెట్టె లాక్కుంది. సాయంత్రం నాయనా, మామా, పొద్దున వచ్చిన రైతులూ అరుగు మీద కూర్చున్నప్పుడు వాళ్ళ ముందు రెండు గీతలూ గీసి, రెండంకెలూ చదివింది. తప్పు మాదేనని చెప్పింది. నేను స్తంభం వెనక నిలబడ్డాను.

మామ పెట్టె మీదికి వంగి, "మైనస్ వాన అంటే ఏమి పాపా?" అని అడిగాడు.

అక్కని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక నాయన అందుకున్నాడు. "భూమిలో ఉండే తడి గూడా ఎత్తుకోని పోయేదప్పా," అన్నాడు.

"అట్లయితే నిజమే చెప్పినాది బావా. మనకి వచ్చే వాన అదే కదా," అన్నాడు మామ.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ గీతకి గడిచిన ఏళ్ళ గుండా పోవడమే తెలుసని, ప్రతి చుక్కనీ తాకాలని తిప్పలుపడి మెలికలు తిరిగి, చుక్కలు అయిపోగానే ఆ ఊపులో ఎటో కొట్టుకుపోతుందని, రేపటి సంగతి దానికేమీ తెలియదని మెల్లగా చెప్పింది. మామ ఆమె తల నిమిరి, ఎప్పటిలాగే పదును చూసుకునే వేస్తానని మాటిచ్చి వెళ్ళాడు. అన్నట్టే తొలి చినుకులకి విత్తనం వేయకుండా ఆగాడు. ఆ చినుకుల వెనక పద్దెనిమిది రోజులు ఆకాశం తెల్లగానే ఉండింది. తర్వాత ఒక మోస్తరు వాన పడింది, విత్తనం వేశారు, పంట కూడా ఒక మోస్తరుగా వచ్చింది.

కానీ నాయన ఆ సాయంత్రం అరుగు మీదనుంచి లేవలేదు. పెట్టెని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. అందరూ వెళ్ళాక అక్కని అడిగాడు.

"దేన్నీ ముట్టకపోయినా ఫర్వాలేదు, అన్నిటికీ దగ్గర దగ్గరగా నడిచే గీత ఉండదా పాపా?"

ఆయన అడిగింది అక్క డిగ్రీ రెండో ఏట చదివి, పరీక్షలో రాసి, మర్చిపోయిన పాఠం. దాన్ని అరుగు మీద కూర్చుని తనంతట తానే కనిపెట్టిన మనిషి ఏడో తరగతితో చదువు మానేశాడు. మిగిలిన సెలవులన్నీ ఆమె ఆ ప్రోగ్రామే రాసింది. కాలేజీకి తిరిగిపోయే ముందు రోజు పొద్దున పెట్టెని నాయన చేతికిచ్చింది. నూనె మరకని మూడు అనుకున్నా, ఎనిమిది అనుకున్నా ఈ గీత పెద్దగా కదల్లేదు. తొమ్మిది చుక్కల మధ్యగా, కొన్నిటికి పైన, కొన్నిటికి కింద, దాదాపు చదునుగా పోయింది. కుడివైపుకి, అంటే ఈ మధ్య ఏళ్ళ వైపుకి పోయేకొద్దీ తెర మీది రెండు చుక్కల మందం కిందికి దిగింది. నాయన ఎండ పడకుండా చేయి అడ్డం పెట్టుకుని దాన్ని చాలాసేపు చూశాడు. ఇది నమ్మొచ్చు అన్నాడు. ఇది నాకు తెలిసిందేలే, కంటితో సూస్తే వేరేగా ఉండాది అని కూడా అన్నాడు.

నాకు మాత్రం ఆ గీత నచ్చలేదు. ఇన్ని తీగలు అతికి, ఇంతమందిని పిలిచి చూపించిన పెట్టెలో ఇంత చప్పటి గీతా అని అలిగాను. నాయన చేతిలోంచి పెట్టె తీసుకుని, ఆ గీతని తుడిచేసి, అలలు అలలుగా పోయే సైన్ గీత ఒకటి గీసి చూపించాను. ఆయన అదీ బాగుందన్నాడు. ఇన్నేళ్ళకి ఆ పంతొమ్మిదేళ్ళవాడు ఎదురుపడితే నేను కోప్పడను. పెట్టె బాగానే చేసినావు, కాస్త ఆగు రా, నాయన ఇంకా చూస్తాండాడు అని మాత్రం చెబుతాను.