చీర తేకుండా మ్యాచింగ్

మా షాపులో గల్లాపెట్టె వెనక గోడ మీద బోర్డు ఒకటి ఉండేది, గుర్తుందా? ఇప్పుడు లేదు. అది ఉన్నచోట సున్నం కొంచెం తెల్లగా కనబడుతుంది, అంతే. ఆ బోర్డు ఎట్లా దిగిపోయిందో చెబుతాను, చాయ్ తాగుతూ వినండి. కానీ మధ్యలో నవ్వితే మాత్రం చెప్పడం ఆపేస్తాను.

మాది కాశిబుగ్గ పోయే రోడ్డులో మ్యాచింగ్ సెంటర్. జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్స్ అమ్ముతాం. షాపు మా బాపు పెట్టిందే కానీ బోర్డు మాత్రం నా సొంత తెలివి. "చీర తేనిదే మ్యాచింగ్ చూపబడదు. కోసిన గుడ్డ వాపసు తీసుకోబడదు" అని ఎర్ర రంగుతో రాయించాను. ఏం చేయను మరి? చీర ఇంట్లో బీరువాలో పెట్టి, ఉత్త చేతులతో వచ్చి, వంకాయ రంగు లైనింగ్ ఇమ్మంటారు. వంకాయల్లో ఎన్ని రంగులున్నాయో కూరగాయలమ్మే వాళ్ళకన్నా నాకే బాగా తెలుసు. షెల్ఫులన్నీ దింపించి, ఎండలోకి తీసుకుపోయి చూసి, చివరికి ఒకటి కోయించుకొని, మర్నాడు పొద్దున అదే గుడ్డతో వచ్చి కలవలేదంటారు.

మొన్న బుధవారం కూడా అదే జరిగింది. ఒక పెద్దమ్మ, నేను వద్దంటున్నా వినకుండా, చీర లేకుండానే మెరూన్ లైనింగ్ కోయించుకొని పోయింది. మర్నాడు చీర పట్టుకొని తిరిగొచ్చింది. చూస్తే అది ఇటుక రంగు. నేను వేలితో బోర్డు చూపించాను. ఆమె కదల్లేదు. అప్పుడు నోరు కూడా తెరిచాను.

"చీర చూడకుండ గుడ్డ ఎట్ల కొంటివి పెద్దమ్మా?"

ఆమె గుడ్డను మెల్లగా మడిచి సంచిలో పెట్టుకుంది. "మా కొడుకుది గూడ షాపే బిడ్డా. గిరాకితోని గిట్ల మాట్లాడడు" అని చెప్పి మెట్లు దిగిపోయింది. పక్కనే ఫాల్స్ సర్దుతున్న నా భార్య కవిత నా వైపు ఒక చూపు చూసింది, పెళ్ళయినవాళ్ళకు ఆ చూపు గురించి నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా వీడియో గేమ్‌ల పిచ్చి. మా బామ్మర్ది గేమ్‌లాడే కొత్త మిషన్ కొనుక్కొని పాతది నాకిచ్చాడు. డబ్బా కూడా లేదు, టవల్లో చుట్టి తెచ్చి టీవీ కింద పెట్టి, వైర్లు కలిపి వెళ్ళాడు. ఆ సాయంత్రమే కవిత దానికి కవర్ కుట్టేసింది. మా ఇంట్లో కవర్ లేని వస్తువు ఉండదు. మిక్సీకి కవర్, రిమోట్‌కి కవర్, గ్యాస్ సిలిండర్‌కి కూడా కుచ్చుల కవర్. షాపులో మిగిలిన ముక్కలన్నీ అట్లా ఇంటికి చేరతాయి. వేడి పోవడానికి వెనక వైపు ఖాళీ వదిలి, మిగతా మిషన్ అంతా మూసేసింది. చేతిలో ఉన్న కంట్రోలర్ బటన్ నొక్కితే మిషన్ దానంతటదే ఆన్ అవుతుంది కాబట్టి, నేను దాని మొహం చూడాల్సిన పనే పడలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఒక కోట ముట్టడి గేమ్ ఉంది. మొదటి భాగం బామ్మర్దే మిషన్‌లో ఎక్కించి ఇచ్చాడు, తిండి మానేసి ఆడాను. రెండో భాగం శుక్రవారం రిలీజ్ అని తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. కొనాలా, ఆగాలా? ఇంటర్నెట్‌లో అందరూ ఒకటే మాట, మొదటి రోజు కొనొద్దు, నాలుగు నెలలాగితే రేటూ తగ్గుతుంది, తప్పులూ సరిచేస్తారు అని. మా బాపు కూడా అనేవాడు, కొత్త సరుకు మొదటి రోజు కొనేవాడు గిరాకి కాదు, షాపుకు పండుగ అని. అంతా నిజమే. కానీ అదే శుక్రవారం కవిత, మా పాప కలిసి ఏటూరునాగారంలో మా అత్తగారింటికి పోతున్నారు, ఆదివారం దాకా రారు. సీరియళ్ళు లేవు, కార్టూన్లు లేవు. టీవీ నా ఒక్కడిది. ఇట్లాంటి అదృష్టం నాకు ఏడాదికొకసారి కూడా రాదు.

రెండు వారాలు ఆలోచించాను. లైనింగ్ కొలుస్తూ ఆలోచించాను, ఫాల్స్ దొంతరకు ఫోన్ ఆనించి రివ్యూలు చూస్తూ ఆలోచించాను. గ్రాఫిక్స్ బాగున్నాయంటే కొందామనిపించేది, మధ్యలో ఆగిపోతోందని ఎవరైనా అంటే వద్దనిపించేది. కవిత ఓపిక పట్టి పట్టి ఒకరోజు అననే అంది.

"గా లైనింగు కొనే ఆడోళ్ళే నయ్యం. గంటల తేల్చుకుంటరు."

నాకు పౌరుషం వచ్చింది. సరుకు చూసే చేతులివి, ఒక్కసారి కొన్నానంటే వెనక్కి పోయేది లేదన్నాను. ఒకవేళ వాపస్ పట్టుకపోతే, అని ఆమె అడిగింది. నా నోరు ఊరుకోలేదు. "పట్టుకపోతే గా బోర్డు పీకేస్త" అన్నాను. ఆమె నవ్వకుండా తల ఊపింది. గిరాకి మాట మీద నిలబడతాడా లేదా అని చూసేటప్పుడు అట్లాగే ఊపుతుంది.

శుక్రవారం పొద్దున కూడా నేను తేల్చుకోలేదు. మా షాపు తెరిచే లోపల, ఊరికే చూసొద్దామని హన్మకొండలో గేమ్‌లు అమ్మే ఒక చిన్న షాపుకు పోయాను. ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదా అంటారేమో, మా వీధి నెట్ సంగతి మీకు తెలియదు. పైగా చేతికి తగలని వస్తువుకు పైసలిచ్చే అలవాటు మా వంశంలోనే లేదు. డిస్క్ అయితే ఆడుకున్నాక అమ్ముకోవచ్చు కూడా.

అప్పుడే షట్టర్ ఎత్తారు. అగరుబత్తి పొగ ఇంకా లక్ష్మీదేవి పటం చుట్టే తిరుగుతోంది. ఓనర్ నాకంటే కొంచెం చిన్నవాడు. గేమ్ డబ్బా అడిగి తీసుకొని ముందు చూశాను, వెనక చూశాను. మూల కొంచెం నొక్కుకుంది, ఇంకో పీస్ చూపించమన్నాను. అది కూడా చూసి, మొదటిదే నయమన్నాను. రేటు తగ్గదా అన్నాను. నా మిషన్ ఏ మోడలని అతనడిగితే, లేటెస్టే తమ్మీ అని చేయి ఊపేశాను. చివరికి డబ్బా కౌంటర్ మీద పెట్టి, ఆలోచించుకొని వస్తానన్నాను.

అతను బతిమాలలేదు. ఒకసారి అగరుబత్తి వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"అన్నా, బోణి బేరం."

అయిపోయింది. మొదటి గిరాకి ఉత్త చేతులతో మెట్లు దిగితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే. ఆ బాధ ఇంకొకరికైతే తెలియకపోవచ్చు, నాకు తెలియదా? ఆ మాట, ఆ చూపు నేను రోజూ పొద్దున గిరాకీల మీద వాడేవే. రెండు వారాల ఆలోచన ఆ రెండు మాటలకు కొట్టుకుపోయింది. డబ్బులిచ్చాను. అతను నోట్లు కళ్ళకద్దుకుంటుంటే నాకు ఏదో పుణ్యం చేసినట్టనిపించింది.

మధ్యాహ్నం తల్లీబిడ్డల్ని బస్సెక్కించి ఇంటికొచ్చాను. తలుపు గొళ్ళెం పెట్టి, మిషన్ కవర్ తీశాను. డిస్క్ పెట్టే సందు కోసం ముందు వెతికాను. లేదు. పక్కన లేదు, వెనక లేదు. మిషన్ తలకిందులు చేసి, ఫోన్ టార్చ్ వేసి వెతికాను. అంతా నున్నగా ఉంది. బామ్మర్దికి ఫోన్ చేస్తే వాడు ముందు బాగా నవ్వాడు. తర్వాత చెప్పాడు.

"బావా, అది డిస్కు పట్టని మోడల్. గందుకే గదా నీకిచ్చిన."

రెండు వారాలు ప్రపంచంలోని రివ్యూలన్నీ చూసినవాణ్ని, నా ఇంట్లో టీవీ కింద ఉన్న మిషన్ కవర్ ఎత్తి చూడలేదు. డబ్బా మీది ప్లాస్టిక్ చించలేదు, అదొక్కటే అదృష్టం. కానీ వాపస్ ఎట్లా ఇవ్వను? శుక్రవారం పూట ఇంకొక షాపు నుంచి లక్ష్మిని బయటికి ఇమ్మనాలి, అదీ బోణి డబ్బు. మా బాపు బతికుంటే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. పోకపోతే ఏడాదికొక్కసారి దొరికిన టీవీ చేజారిపోతుంది. పైగా బోర్డు మీద పందెం ఒకటి ఉంది. కవిత ఊళ్ళో లేదు కదా, ఎవరు చెబుతారు అనుకొని, డబ్బాను మా షాపు సంచిలో దాచుకొని పోయాను.

షాపులో ఓనర్ అన్నం తింటున్నాడు. పక్కన స్టూలు మీద కూర్చొని అతనికి చారు పోస్తున్నది ఎవరనుకున్నారు? మెరూన్ లైనింగ్ పెద్దమ్మ. కొడుక్కి టిఫిన్ డబ్బా తెచ్చినట్టుంది. నేను వెనక్కి తిరగబోయాను. ఆమె నన్నూ చూసింది, నా చేతిలో మా షాపు సంచినీ చూసింది. ఇక తప్పక కొడుక్కి గొంతు తగ్గించి సంగతి చెప్పాను. ఆమె చెవులు బాగానే ఉన్నట్టున్నాయి, మొత్తం విన్నది.

"మిషన్ చూడకుండ బిళ్ళ ఎట్ల కొంటివి బిడ్డా?"

గురువారం నేనన్న మాట, నేనన్న రాగంలోనే. నిజంగానే సిగ్గేసింది. కొడుకు మాత్రం ఆమె చెప్పినట్టే మంచివాడు. బోణి పైసలు శుక్రవారం తిరిగియ్యలేనని, నీకు తెలియంది కాదని, వస్తువుకు వస్తువైతే ఇస్తానని చెప్పాడు. డిస్క్ తీసుకొని, అదే గేమ్ డౌన్‌లోడ్ చేసుకునే కార్డు ఇచ్చాడు. నేను దండం పెట్టి లేవబోతుంటే, మరి నా గుడ్డ సంగతేందని పెద్దమ్మ అడిగింది. సోమవారం తెమ్మన్నాను. మధ్యాహ్నం పూటే రమ్మని రెండుసార్లు చెప్పాను, ఆ టైంకి కవిత వంటకు ఇంటికి పోతుంది.

ఆ కార్డుతో శుక్రవారం సాయంత్రం మొదలైన డౌన్‌లోడ్ శనివారం నేను షాపు మూసి వచ్చేసరికి సగం కూడా కాలేదు. ఆదివారమంతా పొయ్యి మీది పాలకు కాపలా ఉన్నట్టు టీవీ ముందు కూర్చున్నాను. గీత నిండి, ప్రెస్ ఎనీ బటన్ అని తెర మీద పడ్డ క్షణానికి గేటు ముందు ఆటో ఆగింది. పాప వచ్చి రిమోట్ లాక్కొని కార్టూన్ పెట్టుకుంది. కవిత టీవీ కిందికి వంగి, కవర్ తిరగబడిందేమిటని అడిగింది. దుమ్ము దులిపానన్నాను. నేను దుమ్ము దులపడం ఆమె పెళ్ళయ్యాక ఇంతవరకు చూడలేదు.

సోమవారం షాపు తెరిచి అగరుబత్తి వెలిగించాను. వెనక్కి తిరిగితే మెట్ల మీద పెద్దమ్మ. మధ్యాహ్నం ఎండకు తాళలేనని పొద్దుగాల్నే వచ్చిందట.

"నీ బిళ్ళ మార్చుకుంటివి గదా బిడ్డా, ఇగ నా గుడ్డ మార్చు."

బిళ్ళ ఏమిటని కవిత అడిగింది. అడిగి ఊరుకోలేదు. స్టూలేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకుంది. ఇటుక రంగు లైనింగ్ తనే వెతికి కోసిచ్చింది. తర్వాత అదే స్టూలు ఎక్కి బోర్డు దించింది. స్టూలు కదలకుండా పట్టుకున్నది నేనే.

వాపస్ వచ్చిన మెరూన్ ముక్క మిగిలిపోయింది. కోసిన గుడ్డ ఎవరికీ అమ్మలేం కదా. కవిత దానితో మా మిషన్‌కు కొత్త కవర్ కుట్టింది. నిన్న ఇంటికి పోయి చూస్తే పచ్చరంగు టీవీ స్టాండు మీద ఆ మెరూన్ కళ్ళలో పొడుస్తోంది. రంగు అస్సలు కలవలేదు కదా అన్నాను.

"చీర తేకుండ వస్తే గట్లనే ఉంటది. టీవీ స్టాండు షాపుకు పట్టుకరావాల్సింది" అంది.